కొండ ఊళ్ల ఆటపాటలు బడిలో నేర్పితే నిలుస్తాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: వచ్చే ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, జోషీమఠ్ వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో వాలంటీరుగా పనిచేయబోతున్నారు. ఆ ప్రాంతపు సంప్రదాయ పాటలు, నృత్యాలు పిల్లలకు నేర్పించి కాపాడాలన్నది మీకు అప్పగించిన పని. ఏడాది చివర ఒక ప్రదర్శన కూడా పెట్టించాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, అసలు బడి వల్ల ఇవి నిలుస్తాయా అని అడిగారు. నేను సంగీతం టీచరుగా ఆ కొండల్లోనే చాలాకాలం ఉన్నాను, తర్వాత టీచర్లకు శిక్షణ ఇచ్చే పనిలోకి వెళ్లాను. కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

సూటిగా చెప్పాలంటే, బడి ఒక్కటే వీటిని బతికించలేదు. నేర్పగలిగినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. వాళ్లకు బడి గేటు తెరవడం, చేసిన పనికి డబ్బు ఇప్పించడం, ఊరి పండగ రోజుల్లో బడి అడ్డు తగలకుండా చూడడం. మీ ఏడాదిలో ఈ మూడూ జరిగితే చాలు. మీరు స్వయంగా ఒక్క స్టెప్పు కూడా నేర్పక్కర్లేదు. నేర్పకపోతేనే మంచిది కూడా.

మీరు వెళ్లే జోషీమఠ్ బ్లాకులోనే సలూడ్-డుంగ్రా అనే జంట గ్రామాలున్నాయి. (జోషీమఠ్ పేరు ఇప్పుడు జ్యోతిర్మఠ్ అని మార్చారు, మాటల్లో మాత్రం పాత పేరే నడుస్తోంది.) అక్కడ జరిగే రమ్మాణ్ ఉత్సవాన్ని 2009లో యునెస్కో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రతి ఏటా ఏప్రిల్ చివరి రోజుల్లో, ఊరి దేవుడు భూమ్యాళ్ గుడి ముంగిట్లో జరుగుతుంది. రాముడి కథ అక్కడివాళ్ల వరసలో పాడతారు, ఢోల్ తాళాలకు ముఖాలు (మాస్కులు) తొడుక్కుని ఆడతారు. మధ్యమధ్యలో ఊరి కథలు వస్తాయి. గేదెలు కాసుకునే దంపతుల పాట్లు, వాళ్ల మీద పులి పడడం ఒక ఘట్టం. వ్యాపారానికి బయల్దేరిన బణ్యా దంపతులను దొంగలు దోచుకోవడం ఇంకో ఘట్టం. గోర్ఖాలకూ గఢ్వాలీలకూ జరిగిన పోరును చూపే ఆట మరొకటి. 1804 నుంచి 1815 వరకు గఢ్వాల్ (చమోలీ జిల్లా ఉన్న ప్రాంతం) నేపాల్ గోర్ఖాల ఏలుబడిలో ఉంది. పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాల్లో అయిపోయే సంగతి, ఊళ్లో ప్రతి ఏడూ ముంగిట్లో కళ్లముందు జరుగుతుంది.

ఇప్పుడు ఇందులో ఎవరు ఏం చేస్తారో చూడండి. పూజలు బ్రాహ్మణులు చేయిస్తారు. నరసింహుడి ముఖం పెట్టుకునే హక్కు భండారీలది మాత్రమే. ఢోల్ వాయించేది దాస్‌లు. పాత కథలు పాడే జాగర్ గాయకులు వేరు. దేవుణ్ణి ఏడాదిపాటు ఇంట్లో ఉంచుకునే కుటుంబం మరొకటి ఉంటుంది, ఆ ఏడాదంతా వాళ్లు కఠినమైన నియమాలు పాటించాలి. అంటే ఇది ఒక "డాన్స్ ఐటమ్" కాదు. ఊరు మొత్తం ఎవరి వంతు వాళ్లు మోసే ఏర్పాటు. దీన్ని బడి స్టేజీ మీదికి తేవాలంటే నరసింహుడి ముఖం ఎవరికి పెడతారు? ఎనిమిదో తరగతి ఫస్ట్ ర్యాంకరుకా? ఇలాంటి చోటే ఉత్సాహవంతులైన వాలంటీర్లు ఊరితో గొడవ తెచ్చుకుంటారు. ఊరు ఒకసారి ముఖం తిప్పుకుంటే ఆ ఏడాదిలో మళ్లీ దారికి రాదు.

అందుకని వెళ్లగానే ప్రాక్టీసు మొదలుపెట్టకండి. ముందు పిల్లలతోనే ఊరి క్యాలెండరు రాయించండి. మార్చి మధ్యలో ఫూల్ దేయి, ఏప్రిల్‌లో బైశాఖి, దాని వెంట రమ్మాణ్ లాంటి ఊరి ఉత్సవాలు, భాద్రపదంలో నందాదేవి జాతర, మార్గశిర పుష్య మాసాల్లో పాండవ నృత్యం. ఏ పండక్కి ఏ పాట, ఎవరు పాడతారు, ఆ మనిషి ఇల్లెక్కడ. ఒక ఛార్టు గోడకు అంటించండి. ఈ పనికి నెల పట్టినా ఫరవాలేదు. హెడ్‌మాస్టరు చేతిలో స్థానిక సెలవులు ఏమైనా ఉంటే వాటిని ఏ తేదీలకు అడగాలో కూడా దాన్నిబట్టే తేలుతుంది. కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యేది ఏప్రిల్‌లో, రమ్మాణ్ వచ్చేదీ ఏప్రిల్‌లోనే. కాబట్టి మొదటి పరీక్ష మీరు బ్యాగు దించగానే ఎదురవుతుంది. పిల్లలు రెండు మూడు రోజులు బడికి రాకపోతే రిజిస్టరులో గైర్హాజరు వేసి ఇంటికి నోటీసు పంపుతారా, లేక మీరే వాళ్లతో వెళ్లి చూస్తారా? "కళలను కాపాడదాం" అని గోడ మీద రాసుకున్న బడే ఊరి ఉత్సవానికి వెళ్లిన పిల్లలకు చీవాట్లు పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

ఇక అసలు ముడి ఢోల్ దగ్గర ఉంది. గఢ్వాల్‌లో పెళ్లి, జాతర, దేవుడి పల్లకి, ఏదైనా సరే ఢోల్, దమావ్ జంట లేకుండా కదలదు. ఢోల్ అంటే మెడలో వేలాడే రాగి లేదా ఇత్తడి పీపా. ఒక వైపు కర్రతో, రెండో వైపు అరచేత్తో వాయిస్తారు. దమావ్ గిన్నె ఆకారంలో ఉంటుంది, రెండు సన్న కర్రలతో వాయిస్తారు. వీటిని వాయించేవాళ్లను ఔజీలు, దాస్‌లు, బాజ్‌గీలు అని ఒక్కో చోట ఒక్కోలా అంటారు. దళితులు. శుభకార్యం మొదలయ్యేది వాళ్లు వాయించే బఢై తాళంతో. కానీ భోజనాల దగ్గర వాళ్ల వరస ఎక్కడ ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు పంట వచ్చాక ప్రతి ఇంటినుంచీ వాళ్లకు ధాన్యం ముట్టేది. డడ్వార్ అంటారు, మన కళ్లాల్లో ఇచ్చిన మేర లాంటిది. పొలాలు బీడు పడ్డాక అదీ పలచబడింది. పెళ్లిళ్లలోకి డీజేలు వచ్చాయి.

తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో డప్పు కథ తెలిసిన మీకు ఇది కొత్తగా ఉండదు. చావుకు, జాతరకు డప్పు కావాలి, వాయించేవాడు మాత్రం గుమ్మం బయటే ఉండాలి. ఆ డప్పునే తర్వాత ఉద్యమాలు ఆత్మగౌరవానికి గుర్తుగా భుజానికెత్తుకున్నాయి. ఢోల్‌కు ఆ మలుపు ఇంకా పూర్తిగా రాలేదు. వస్తున్న సూచనలున్నాయి. జాగర్ గాయకుడు ప్రీతమ్ భర్త్‌వాణ్‌కు 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఔజీ కుటుంబంలో పుట్టినవారు. శ్రీనగర్‌లోని గఢ్వాల్ విశ్వవిద్యాలయంలో (కశ్మీర్ శ్రీనగర్ కాదు, అలకనంద ఒడ్డున ఉన్నది) జానపద కళల కేంద్రం ఢోల్ కళాకారులను తరగతి గదిలోకి తెచ్చింది.

అయినా పిల్లల దగ్గరికి వచ్చేసరికి సంగతి వేరు. ఏడో తరగతిలో ఒక కుర్రాడుండేవాడు. మధ్యాహ్న భోజనం తర్వాత ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు బెంచీ మీద కుడిచేతిలో పెన్సిలు, ఎడమ అరచేయి ఆనించి వాయించుకునేవాడు. పెన్సిలు దెబ్బకూ అరచేతి దెబ్బకూ మధ్య ఖాళీ ఒక్కసారి కూడా తప్పేది కాదు. దరువు పెంచే ముందు భుజం కొద్దిగా వంచేవాడు, నిజంగా మెడలో ఢోల్ ఉన్నట్టే. అది బఢై అని వింటేనే తెలిసిపోయేది. క్లాసులో మాత్రం "ఢోల్ ఎవరికైనా వచ్చా?" అంటే తల దించుకునేవాడు. వచ్చని చెబితే వాడు ఎవరి పిల్లాడో అందరికీ తెలుస్తుంది కదా. అదే క్లాసులో మిగతా పిల్లలు ఢోల్ పాట పెడితే లేచి గంతులేసేవాళ్లు. ఆడడానికి అందరూ రెడీ, వాయించడానికి ఎవరూ లేరు. మీ ప్రాజెక్టు అసలు సమస్య ఇదే, దీన్ని ఏ కరికులమ్ డాక్యుమెంటూ ఈ మాటల్లో రాయదు.

లదాఖ్‌లోనూ ఇదే వరస. అక్కడ సుర్నా (సన్నాయి లాంటిది), దమన్ (జంట ఢంకాలు) వాయించేవాళ్లు మోన్‌లు, తిరుగుతూ వాయించేవాళ్లు బేడాలు. ఇద్దరికీ సమాజంలో కింది స్థానమే. వాళ్ల పిల్లలు వాద్యాన్ని వదిలేయడానికి ఆసక్తి లేకపోవడం కంటే ఆ ముద్ర పెద్ద కారణం. ముద్రను వదిలించుకోవాలంటే వాద్యాన్ని వదిలేయడమే దారి అనుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

దీనికి బడి చేయగలిగింది ఒకటుంది. ఊళ్లో మంచి ఢోల్ కళాకారుణ్ణి టీచరుగా పిలవండి. "ప్రోగ్రామ్‌కి వచ్చి వాయించి వెళ్లు" అనడం వేరు, వారానికి రెండు సాయంత్రాలు నేర్పే గురువుగా పిలవడం వేరు. పిల్లలు ఆయన్ను గురూజీ అనాలి. మీరు మొదటి రోజే అలా పిలిస్తే వాళ్లూ పిలుస్తారు. స్టాఫ్ రూములో కుర్చీ, అందరితో పాటు అదే కప్పులో టీ. చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ ఊరంతా గమనించేది వీటినే. డబ్బు విషయంలో మొహమాటం వద్దు. పెళ్లికి వెళితే ఆయనకు రోజుకు ఎంత వస్తుందో కనుక్కుని, దానికి తగ్గకుండా ఇప్పించండి. నెలనెలా టైముకు ఇవ్వండి. శాలువాతో సరిపెట్టకండి. 2020 జాతీయ విద్యావిధానంలో స్థానిక కళాకారులను, చేతిపనివాళ్లను బోధకులుగా తీసుకోవచ్చని స్పష్టంగా ఉంది. 6 నుంచి 8 తరగతులకు 10 రోజుల బ్యాగు లేని బడి అని కూడా పెట్టారు. హెడ్‌మాస్టరు "రూల్స్ ఒప్పుకోవు" అంటే ఈ రెండూ చూపించండి.

నేర్పే పద్ధతిలో తలదూర్చకండి. వాళ్లు నోటితో బోల్స్ (దరువును పలికే అక్షరాలు) చెప్పి, తొడ మీద కొట్టి చూపించి, ఆ తర్వాతే కర్ర చేతికిస్తారు. నోటేషన్ రాయించాలని మనకు చేతులు దురదపెడతాయి, ముఖ్యంగా కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు. మొదటి ఏడాది ఆగండి. ఢోల్‌సాగర్ అని ఒక సంప్రదాయ విద్య ఉంది. శివపార్వతుల సంవాదంగా సాగుతుంది, ఎక్కువగా నోటితోనే నడిచింది. పెళ్లిళ్లలో ఆడపెళ్లివారి ఢోల్, మగపెళ్లివారి ఢోల్ ఎదురుపడితే అందులోంచి ప్రశ్నలు వేసుకుని పోటీపడేవారని పెద్దవాళ్లు చెబుతారు. అలాంటి విద్య ఉన్న మనిషికి మనం తాళం లెక్క చెప్పబోవడం బాగుండదు.

ఇంకో జాగ్రత్త. అన్నీ బడిలో నేర్పకూడదు. ధుయాళ్ అనే తాళం దేవత ఒంటి మీదికి రావడానికి వాయించేది. ఇళ్లలో రాత్రిపూట డౌర్ అనే చిన్న చర్మవాద్యం, కంచుపళ్లెం వాయిస్తూ పాడే జాగర్ కూడా అంతే. కళాకారుడు "ఇది ఇక్కడ వాయించను" అంటే ఆ మాటకు తిరుగులేదు, బతిమాలకండి. మీకు నమ్మకం ఉందా లేదా అన్నది అక్కడ ప్రస్తావనే కాదు. క్లాసులో ఏ పిల్లకో పూనకం వస్తే మీరేం చేస్తారు? నేపాల్‌లో కాఠ్మాండూ లోయ నేవార్లు ఈ హద్దును బాగా పాటిస్తారు. ఢోళ్లు, నాట్యం నేర్పేటప్పుడు నాసద్యః అనే సంగీత దేవుడికి పూజ చేసి, బయటివాళ్ల కంట పడకుండా నేర్పిస్తారు, పూర్తయ్యాకే ఊరి ముందుకు తెస్తారు. దాచి నేర్పడం వల్ల ఆ విద్య తరిగిపోలేదు, పైగా నేర్చుకునే పిల్లలకు అదంటే గురి పెరిగింది.

మరి బడిలో దేనితో మొదలుపెట్టాలి? నన్నడిగితే చౌంఫులా, థడ్యా. వసంతంలో ముంగిళ్లలో ఆడవాళ్లు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే ఆటలు. చౌంఫులాకు వాద్యం అక్కర్లేదు, చప్పట్లు, పాదాల తాళం చాలు. ఎవరి పక్కన ఎవరైనా నిలబడొచ్చు. క్లాసులో ఆ వలయం కట్టినప్పుడు ఎవరి చెయ్యి ఎవరు పట్టుకోవడానికి జంకుతున్నారో ఒక కంట కనిపెట్టండి. మీరు ఏమీ అనొద్దు, మర్నాడు వలయాన్ని కొంచెం మార్చి నిలబెట్టండి. అమ్మమ్మలను, నానమ్మలను పిలిస్తే తప్పకుండా వస్తారు. పెద్దాయన్ను బోడా అని, పెద్దావిణ్ణి బోడీ అని పిలవండి, సగం పని అక్కడే అయిపోతుంది.

ఫూల్ దేయి అయితే అసలు పిల్లల పండగే. చైత్ర సంక్రాంతి నాడు తెల్లారకముందే పిల్లలు బుట్టల్లో ఫ్యూంలీ, బురాంశ్ పూలు పట్టుకుని ఇంటింటి గడప మీద చల్లుతూ "ఫూల్ దేయి, ఛమ్మా దేయి" అని పాడతారు. ఇంటివాళ్లు బియ్యం, బెల్లం, చిల్లర ఇస్తారు. దీనికి బడి నేర్పాల్సిందేమీ లేదు. ఆ రోజు ఉదయం పరీక్ష పెట్టకుండా ఉంటే చాలు! మార్చి కాబట్టి పెట్టే ప్రమాదం చాలా ఉంది. ఆ నెలలోనే ఔజీలు ఇంటింటికీ వెళ్లి చైతీ పాటలు పాడే ఆనవాయితీ ఉంది. గురూజీ ఒప్పుకుంటే పిల్లలు ఆయన వెంట ఒక పూట తిరగొచ్చు.

నందాదేవి జాగర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. నంద అక్కడివాళ్లకు ఆడపడుచు. కైలాసంలో శివుడి ఇంటికి వెళ్లిపోయిన కూతురు. ఏటా పుట్టింటికి వస్తుంది, మళ్లీ అత్తారింటికి సాగనంపుతారు. ఆ పాట వింటూ ఊళ్లో ఆడవాళ్లు నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంటారు. బసంతీ బిష్ట్ ఈ జాగర్‌ను తల్లి దగ్గర విని నేర్చుకున్నారు, నలభై దాటాక గానీ స్టేజీ ఎక్కలేదు. ఎందుకంటే ఆడవాళ్లు జనం ముందు జాగర్ పాడడం అంతకుముందు లేదు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మీ క్లాసులో ఆడపిల్లలకు ఈవిడ సంగతి చెప్పండి. తర్వాత "మీ ఇంట్లో పెళ్లై వెళ్లిన మేనత్త చివరిసారి ఎప్పుడొచ్చింది?" అని అడిగి చూడండి. వ్యాసం రాయమంటే నాలుగు లైన్లు రాయనివాళ్లు కూడా పేజీ నింపుతారు.

బడి ద్వారా కళ నిజంగా నిలిచిన ఉదాహరణ ఏదీ లేదా అంటే, హిమాలయాల్లోనే ఉంది. టిబెటన్లు. 1959 మార్చిలో దలైలామా భారత్‌కు వచ్చారు. అదే ఏడాది ఆగస్టులో ప్రదర్శన కళల కోసం ఒక సంస్థ మొదలైంది, ఇప్పుడు ధర్మశాలలో అందరూ టీపా అని పిలిచేది అదే. తిండికీ గుడ్డకూ వెతుక్కుంటున్న రోజుల్లో ముందు కళాకారులను పోగేశారు. ఆ తర్వాతి ఏడాది శరణార్థి పిల్లల కోసం టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ పుట్టింది. టీపాలో శిక్షణ పొందినవాళ్లు బడులకు సంగీతం, నృత్యం టీచర్లుగా వెళ్లారు. అందుకే ఇవాళ కర్ణాటకలోని బైలకుప్పెలో పుట్టిన పిల్లలకు కూడా డ్రాన్యెన్ అనే తీగల వాద్యం చేతిలో పట్టుకోవడం వచ్చు, గుండ్రంగా నిలబడి పాడడం వచ్చు.

దీన్ని చూసి "చూశారా, బడి చేయగలదు" అనేస్తారు చాలామంది. ఎలా చేయగలిగిందో కూడా చూడాలి. బడి పైన పెద్దవాళ్ల బృందం ఉంది. బడి బయట పండగ ఉంది. పిల్ల నేర్చుకున్న పాటకు లోసార్ (వాళ్ల కొత్త సంవత్సరం) రోజున, దలైలామా జన్మదినం రోజున ఊరి మైదానంలో చోటు ఉంది. టీచరు ఉద్యోగం జీతంతో ఉంది. అయినా సరే, ఆచే ల్హామో అనే వాళ్ల గేయనాటకం బడిలో పూర్తిగా పట్టుబడే విద్య కాదు. రోజంతా సాగుతుంది. ఢంకా, తాళాలు తప్ప వేరే వాద్యం ఉండదు, గొంతే మోయాలి. ముందు వేటగాళ్లు, రాజకుమారులు, దేవతలు వచ్చి నేలను శుద్ధి చేశాకే కథ మొదలవుతుంది. అది టీపా లాంటి చోట ఏళ్ల తరబడి ఉంటేనే వస్తుంది. బడి పిల్లలకు అందులో ఒక ముక్క, కథ తెలిసిన ప్రేక్షకుడి చెవి వస్తాయి. ఈ చెవి తక్కువదేమీ కాదు. రోజంతా కూర్చుని చూసేవాళ్లు లేకపోతే రోజంతా ఆడేవాళ్లు మాత్రం ఎందుకుంటారు?

మీ బడి విషయంలో కూడా లక్ష్యాన్ని అక్కడే పెట్టుకోండి. ముప్పైమంది పిల్లల్లో ఇద్దరు ఢోల్ పట్టుకుంటే గొప్ప. మిగతావాళ్లు విని "ఇది బఢై, ఇది నౌబత్" అని గుర్తుపట్టగలిగితే, తప్పు వాయిస్తే నవ్వగలిగితే, మీ పని అయినట్టే.

టైము సంగతి. భూటాన్‌లో ద్రామెత్సే న్గాఛమ్ అనే ముఖాల నృత్యం ఉంది, 16 మంది ఆడతారు, 10 మంది వాయిస్తారు. దాన్ని 2005లో యునెస్కో గుర్తించినప్పుడు కళాకారులు తగ్గడానికి చూపిన కారణాల్లో ఒకటి సాధనకు సమయం చాలకపోవడం. జనాదరణ ఉంది, టైమే లేదు. వారానికి ఒక 40 నిమిషాల పీరియడ్‌తో ఏదీ రాదు. పిల్లలు చెప్పులు విడిచి, వరసగా నిలబడి, అల్లరి ఆగేసరికే పావుగంట పోతుంది. పండక్కి ముందు రెండు వారాలు రోజూ సాయంత్రం గంటన్నర, మిగతా ఏడాది తక్కువగా, అలా పెట్టుకోండి. ఊళ్లో పెద్దవాళ్లు కూడా అలాగే సాధన చేస్తారు. ఏడాది పొడుగునా సమానంగా పంచిన టైమ్‌టేబుల్ ఇన్‌స్పెక్షన్‌కు బాగుంటుంది, అంతే.

ఇక చేదు సంగతి ఒకటి. ఈ కొండల్లో ఊళ్లు ఖాళీ అవడానికి చదువు కూడా ఒక కారణం. ఉత్తరాఖండ్ ప్రభుత్వం వేసిన వలస కమిషన్ 2018 నివేదికలో ఊరు విడిచినవాళ్లలో సగం మంది ఉపాధి కోసం, సుమారు 15 శాతం మంది చదువు కోసం వెళ్లారని తేలింది. 2011 జనాభా లెక్కల నాటికే రాష్ట్రంలో వెయ్యికి పైగా గ్రామాల్లో మనిషి లేడు. మీ దగ్గర చక్కగా నేర్చుకున్న పిల్లే పదో తరగతికల్లా డెహ్రాడూన్ వెళ్లిపోవచ్చు. దానికి బాధపడకండి, ఆపే హక్కు మనకు లేదు. అయితే వెళ్లినవాళ్లు పండక్కి తిరిగొస్తారు, పాండవ నృత్యం ఉన్న ఏడాది ఢిల్లీ నుంచి కూడా బస్సులు పట్టుకుని వస్తారు. వచ్చినప్పుడు వలయంలో నిలబడడానికి పాదం తెలిసి ఉండాలి కదా. బడిలో వేసిన అడుగు అప్పుడు అక్కరకొస్తుంది.

భాష మాట కూడా ఇక్కడే. పాట గఢ్వాలీలో ఉంటుంది, బడి హిందీలో నడుస్తుంది, అమ్మానాన్నలకు ఇంగ్లిష్ కావాలి. యునెస్కో భాషల అట్లాస్‌లో గఢ్వాలీ ప్రమాదం అంచున ఉన్న భాషల్లో ఉంది. 2019లో పౌడీ జిల్లాలో ప్రాథమిక తరగతులకు గఢ్వాలీ పాఠ్యపుస్తకాలు తెచ్చారు, ధగులి, హంసులి అని నగల పేర్లు పెట్టారు వాటికి. దొరికితే సంపాదించండి. దొరక్కపోతే పిల్లలే పుస్తకం రాస్తారు: ఒక్కొక్కరు ఇంట్లో ఒక పాట విని, దేవనాగరిలో రాసి, తెలియని మాట కింద గీత గీసి, నానమ్మ చెప్పిన అర్థం పక్కన రాయాలి. మీ హిందీ అంతంతమాత్రంగా ఉన్నా ఫరవాలేదు. మీకు తెలియదని తెలిస్తే పిల్లలు ఇంకా హుషారుగా చెబుతారు.

ఏడాది చివరి ప్రదర్శన గురించి. మామూలుగా జరిగేదేమిటంటే, డెహ్రాడూన్ స్టూడియోలో తీసిన పాట పెన్‌డ్రైవ్‌లో తెస్తారు, డ్రెస్సులు అద్దెకు తెస్తారు, ఐదు నిమిషాల గ్రూప్ డాన్సు. ఊళ్లో ఢోల్ వాయించే మనిషి గేటు దగ్గర నిలబడి చూస్తాడు. మీరు పెన్‌డ్రైవ్ ఒప్పుకోకండి, ఈ ఒక్క విషయంలో మొండికేయండి. పాట పిల్లల గొంతులోంచి రావాలి, వాద్యం గురూజీ చేతిలోంచి రావాలి. శ్రుతి తప్పినా సరే. ఆహ్వాన పత్రంలో ముఖ్య అతిథి పేరుతో పాటు గురూజీ పేరు, పాటలు నేర్పిన బోడీల పేర్లు వేయించండి. ముఖాలు అవసరమైతే పిల్లలతో కాగితంతో చేయించండి, గుడిలో ఉన్నవి అడగకండి. కుదిరితే స్టేజీ మానేసి గుడి ముంగిట్లోనో, బడి ఆవరణలోనో జనం చుట్టూ కూర్చునేలా పెట్టండి. గుండ్రంగా ఆడే ఆటను స్టేజీ మీద వరసలో నిలబెడితే సగం పిల్లలు వెనక పడిపోతారు, ఫొటోలకు తప్ప దానికి అర్థం లేదు.

కళా ఉత్సవ్ లాంటి పోటీలకు పంపమంటారు. కేంద్ర ప్రభుత్వం 2015 నుంచి నడుపుతోంది. పంపండి, పిల్లలు జిల్లా దాటి వెళ్లడం మంచిదే. కానీ పోటీ కోసం పాటను కొద్ది నిమిషాలకు కత్తిరించాల్సి వస్తుంది. ఆ కత్తిరించిన ముక్కే అసలు పాట అయిపోకుండా చూసుకోండి, రెండో ఏడాదికి అదే జరుగుతుంది. సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం, అదే సీసీఆర్‌టీ, 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకు అందులో విడిగా కొన్ని ఉంటాయి. ఆ బెంచీ కుర్రాడిలాంటివాళ్లకు అప్లికేషన్ నింపిపెట్టడం మీరు చేయగలిగిన గట్టి మేలు. సీసీఆర్‌టీకి హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. బయల్దేరే ముందు ఒకసారి వెళ్లి టీచర్ల శిక్షణల వివరాలు, ఫారాలు అడిగి తెచ్చుకోండి.

రికార్డింగ్ చేయాలనుకుంటే ఫోన్ చాలు, కానీ ముందు అడగండి. ఏది ఇంటర్నెట్లో పెట్టొచ్చు, ఏది ఊరు దాటకూడదు అన్నది వాళ్లే చెప్పాలి. గురూజీ వాయించింది ఎవరో యూట్యూబ్‌లో పెట్టి సంపాదించుకున్న అనుభవం ఆయనకు ఇప్పటికే ఉండొచ్చు, అందుకే మొదట్లో మీతో ముభావంగా ఉంటే ఆశ్చర్యపోకండి. ప్రతి రికార్డింగ్ కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఆయనకే ముందు ఇవ్వండి. పిల్లలు రాసిన పాటల పుస్తకం రెండు కాపీలు తీయించి ఒకటి బడిలో, ఒకటి పంచాయతీలో పెట్టండి. మీరు తిరిగొచ్చేలోపు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగులో వచ్చే ఏడాది గురూజీ జీతం ఏ పద్దు నుంచి వస్తుందో మినిట్స్‌లో రాయించి సంతకాలు పెట్టించండి. మీ తర్వాత వచ్చే వాలంటీరుకు ఆయన ఇల్లు చూపించి రండి.